విశ్వాసానికి కొలతలు కట్టవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసాలతో పాటించే నలభై శ్రమ దినాలు దగ్గరపడితే చాలు, హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా కరెంటు స్తంభాలకూ గోడలకూ ఉపవాస ప్రార్థనల ఫ్లెక్సీలు వెలుస్తాయి. నలభై దినాల ఉపవాసం, ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, రాత్రంతా ప్రార్థన అని పైన రాసి, కింద పెద్ద అక్షరాలతో అప్పులు తీరడానికి, రోగాలు పోవడానికి, పిల్లలకు ఉద్యోగాలు రావడానికి అని రాస్తారు. నేను క్రైస్తవురాలిని. ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను, మా సంఘంలో చాలాకాలంగా సండే స్కూల్ పిల్లలకు బైబిలు చెబుతున్నాను. ఉపవాసాన్ని గానీ, ప్రార్థనను గానీ తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ రెండూ లేకుండా నా జీవితం ఇంతదూరం వచ్చేది కాదు. దేవుడిచ్చే మేలుకు వాటిని ధరగా చెప్పి, ఆ ధర చెల్లించలేనివారిని దోషులుగా నిలబెడుతున్న బోధను గురించి రాస్తున్నాను.

ఇది సంఘం లోపల మాట్లాడుకోవలసిన సంగతి, పత్రికకు ఎక్కించడం ఎందుకని మావాళ్లే కొందరు అనవచ్చు. ఫ్లెక్సీ వీధిలో కట్టిన తరువాత, మైకు వాడంతా వినిపించిన తరువాత ఆ మాట సంఘం గోడల మధ్య ఆగదు. ఈ కూటములకు బాప్తిస్మం పొందినవారే కాదు, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, చివరి ఆశగా వచ్చి కూర్చునే అన్ని మతాలవారూ వస్తారు. ఇన్ని రోజులు పస్తులుండి ఇంత కానుక పెడితే దేవుడు పని చేసిపెడతాడు, క్రైస్తవమంటే ఇదే అని వారు అర్థం చేసుకుని వెళుతున్నారు. అది మా విశ్వాసం కాదని నలుగురిలో చెప్పవలసిన బాధ్యత మామీద ఉంది.

మనిషి తన మంచితనంతో, తన నిష్ఠతో, తన పట్టుదలతో దేవుని దగ్గరకు చేరలేడు కనుక దేవుడే క్రీస్తులో మనిషి దగ్గరకు వచ్చాడన్నది, జరగవలసిన పని సిలువమీద ఆయనే చేసి ముగించాడన్నది, దానిమీద ఆనుకోవడమే విశ్వాసమన్నది క్రైస్తవ బోధకు ఆయువుపట్టు. ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే’ అని అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘంవారికి రాశాడు. ఈ వాక్యాన్ని పిల్లలచేత కంఠతా పట్టిస్తాం, ఆదివారం ఆరాధనలో చదువుతాం. రక్షణ మాట వచ్చినంతవరకు ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా ఆ తరువాతి బ్రతుకు దగ్గర వస్తుంది. రక్షణ ఉచితమే గానీ ఆ తరువాత నిలబడడం, ఎదగడం, దీవెన పొందడం మాత్రం నీ ప్రయాసమీదే ఉందన్నట్టు వారం పొడవునా బోధ సాగుతుంది. పౌలు కాలంలో గలతీ సంఘాలకు పట్టిన జబ్బు ఇదే. ‘మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?’ అని పౌలు వారిని నిలదీశాడు. అక్కడ సున్నతి, దినాల ఆచరణ ఉండేవి; ఇక్కడ ఉపవాసాల లెక్క, మొక్కుబడి కానుకల లెక్క వచ్చి చేరాయి.

ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లిన ఇద్దరి ఉపమానం లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది. వారిలో ఒకడైన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు, దేవుని ముందు చదివిన చిట్టాలో ఉన్నవి వారానికి రెండు ఉపవాసాలు, సంపాదనలో పదియవ వంతు. నేటి కూటములలో మన దగ్గర అడుగుతున్నవీ ఆ రెండే. అతడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఉపవాసముండేవాడు, నిజంగానే చెల్లించేవాడు. అయినా నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినవాడు దూరంగా నిలుచుండి, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక, ‘పాపినైన నన్ను కరుణించుము’ అని రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే జనం పాపిగా చూసే పన్ను వసూలుదారు. ఈ భాగం మీద ప్రసంగం విన్న ప్రతిసారీ మనం సుంకరి పక్షానే ఉన్నామనుకుంటాం. సాక్ష్యాల సమయంలో మైకు చేతికి వచ్చేసరికి మాత్రం ఇన్ని రోజులు ఉపవాసమున్నాను, ఇంత కానుక ఇచ్చాను, అందుకే ప్రభువు ఈ మేలు చేశాడు అంటాం. మనం చేసినదానికీ దేవుడు ఇచ్చినదానికీ అలా ముడివేయడం దగ్గరే విశ్వాసం పక్కకు తప్పుకుంటుంది.

ఈ ముడి ఎవరి మెడకు బిగుసుకుంటుందో దగ్గరగా చూసిన తరువాత మౌనంగా ఉండడం నాకు సాధ్యపడలేదు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే ఒకాయన భార్య మా వాడలోనే ఉంటుంది. ఆమెకు షుగర్ ఉంది, కాలికి పడిన పుండు మానడం లేదు. ఒక ప్రార్థన కూటంలో ఆమెకు అచ్చువేసిన కార్డు ఇచ్చారు. అరచేయంత అట్ట, పైన సిలువ బొమ్మ, దాని కింద వరుసగా నలభై గడులు, ప్రతి గడిలో తేదీ, ఆ రోజు ఉపవాసం పూర్తయినట్టు టిక్కు పెట్టుకోవడానికి కాస్త చోటు, వెనుకవైపు కానుక మొత్తం రాయడానికి గీతలు. మొదటి వరుసలో నీలి పెన్నుతో పెట్టిన టిక్కులు పిల్లలు కాపీ రాసినంత శ్రద్ధగా ఉన్నాయి. రెండో వరుసలో గీత వంకరపోయింది. సగానికి రాకముందే ఆగిపోయాయి. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని ఎవరో అంటే మాత్రలు కూడా మానేసిందట. ఒక తెల్లవారుజామున నల్లా దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది. చూడడానికి వెళ్లిన నాకు దిండు కిందినుంచి ఆ కార్డు తీసి చూపించి, ‘నేను సక్కగ ఉపాసముండలే టీచరమ్మా, గందుకే ప్రభువు ఇనలే’ అన్నది.

కాలి నొప్పి గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఖాళీగా మిగిలిన గడుల గురించే ఆమె బాధంతా. ప్రయాసపడి భారము మోసుకొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి అని పిలిచిన ప్రభువు పేరుతోనే ఆ పేదరాలి నెత్తిన ఇంకొక బరువు పెట్టారు. ఉపవాసముండేటప్పుడు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమనీ, అది మనుష్యులకు కనబడనక్కరలేదనీ, రహస్యమందున్న తండ్రికి తెలిస్తే చాలనీ కొండమీది ప్రసంగంలో యేసు చెప్పాడు. కార్డుమీద టిక్కులు పెట్టించి, ఎందరు పూర్తిచేశారో చేతులెత్తమని ఆదివారం అడగడం ఆ మాటకు ఎంతదూరంలో ఉందో అయ్యగార్లు, అంటే సంఘ కాపరులు, ఒక్కసారి ఆలోచించాలి.

ఇంతకంటే లోతుకు పోయిన పొరపాటు ఒకటుంది. ఉపవాసాలు, కానుకలు అన్నీ చెల్లించినా మేలు కలగనప్పుడు, ‘నీకు విశ్వాసం తక్కువ’ అనే మాట వస్తుంది. దేవునిమీద ఆనుకోవడమే విశ్వాసమైతే, అది ఎంత ఉందో తూచి, తక్కువ పడినవారిని వెనక్కి పంపడం ఎలా కుదురుతుంది? అప్పుడు విశ్వాసమే ఒక కష్టమైన పనిగా మారిపోతుంది. రోగి క్రీస్తువైపు చూడడం మానేసి, తన మనసులో సందేహం ఏ మూలైనా మిగిలిందా అని తననే తవ్వుకుంటూ కూర్చుంటుంది. మూర్ఛరోగంతో ఉన్న కుమారుణ్ణి తెచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని మార్కు సువార్తలో కేకవేశాడు. సగం నమ్మకం, సగం సందేహం. నీ విశ్వాసం చాలదు, ఇంకొంత కూడగట్టుకుని రా అని యేసు అతణ్ణి తిప్పి పంపలేదు. ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఆవగింజంత విశ్వాసం చాలునని శిష్యులకు చెప్పినదీ ఆయనే. ఎవరిమీద ఆనుకున్నామన్నదే లెక్కకు వస్తుంది గనుకనే అంత చిన్న గింజ సరిపోతుంది.

స్వస్థత కలగకపోతే విశ్వాసంలో లోపమే కారణమనేవారు పౌలు సంఘాలకు రాసిన పత్రికలను, అంటే లేఖలను, పూర్తిగా చదివినట్టు కనబడదు. తన శరీరంలో ముల్లు అని తాను చెప్పుకున్న బాధను తొలగించమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, ‘నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’ అనే జవాబు వచ్చింది. రోగియైన తన సహచరుడు త్రోఫిమును మిలేతు పట్టణంలో విడిచి రావలసి వచ్చిందని ఆయనే రాశాడు. కడుపు జబ్బుకూ తరచుగా వచ్చే బలహీనతకూ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తన శిష్యుడు తిమోతికి సలహా ఇచ్చాడు గానీ ఇన్ని రోజులు ఉపవాసముండమని రాయలేదు. ఆయన ప్రయాణాల్లో వెంట ఉన్న లూకా వైద్యుడు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసమనే బోధ వీటిలో ఎక్కడా కనబడదు.

ప్రయాసకు విలువ లేదంటే జనం సోమరులవుతారు, ప్రార్థన మానేస్తారు, సంఘం చల్లబడిపోతుంది అని మా పెద్దలు కొందరు నిజాయితీగానే భయపడతారు. ఈ భయానికి జవాబు మన ఉత్తర తెలంగాణ సంఘాల చరిత్రలోనే ఉంది. కరీంనగర్, మెదక్, నిజామాబాద్ ప్రాంతాల్లో సంఘాలు నాటినవారు వెస్లియన్ మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖవారు. వారికి ఆద్యుడైన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు వారానికి రెండు రోజులు ఉపవాసముండేవాడు, చెరసాలల్లో ఖైదీలను పరామర్శించేవాడు, ప్రతి గంటకూ నియమం పెట్టుకుని బ్రతికేవాడు. సువార్త సేవ కోసం సముద్రం దాటి అమెరికాలోని జార్జియా దాకా వెళ్లి, మనశ్శాంతి దొరక్క తిరిగివచ్చాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక చిన్న కూటంలో, రోమీయులకు రాసిన పత్రికకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన పీఠిక చదువుతుండగా, తన రక్షణకు క్రీస్తు ఒక్కడే చాలునన్న నమ్మకం ఆయనకు కలిగింది. ఆ తరువాత ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1791లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి ప్రకటిస్తూనే ఉన్నాడు. ఉపవాసమూ మానలేదు. అంగీకారం సంపాదించుకోవడానికి మునుపు పడిన శ్రమనే, అంగీకారం దొరికిన సంతోషంతో పడ్డాడు.

డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రి సంగతి ఈ ప్రాంతంవారికి తెలిసినదే. మెథడిస్టు మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దానిని నిలబెట్టారు; నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఉదారంగా విరాళమిచ్చి ఆదుకున్నారు. ఊరు వెలివేసినవారిని అక్కడ చేర్చుకుని, ఆనాటికి తెలిసిన మందును ఓపికగా ఇచ్చేవారు. కృపను నమ్మినవారు సూదిమందును పక్కన పెట్టలేదు. మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన దేవాలయాన్ని కరువుకాలంలో ఆకలితో వచ్చినవారికి పని చూపించి, అన్నం పెట్టి కట్టించారు. ప్రయాస లేకుండా ఆ గోడలు లేవలేదు. దేవుని మెప్పు పొందాలని కాక, పొందినదానికి కృతజ్ఞతతో పడిన ప్రయాస అది.

డోర్నకల్‌ను గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది పూర్వీకులు ఆ చరిత్రలోనివారే. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు. ఆయన కాలంలో బాప్తిస్మం తీసుకున్నవారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెలవారు. బావి దగ్గరికి రావడానికీ, గుడి మెట్లెక్కడానికీ, బడిలో కూర్చోవడానికీ తమకు యోగ్యత లేదనే మాట తరతరాలుగా విన్నవారు. అటువంటివారి చెవిలో, దేవుడు నిన్ను నీ యోగ్యత చూసి కాదు, తన కృప చొప్పున చేర్చుకుంటున్నాడు అనే వార్త ఎలా వినిపించి ఉంటుందో నేను మాటల్లో పెట్టలేను. బాప్తిస్మం పొందేవారిచేత అజరయ్య తలమీద చేయి పెట్టించి, సువార్తను ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అనే పౌలు మాటను పలికించేవాడు. ఏ యోగ్యతా లేదని లోకమన్నవారు అంత పెద్ద పనికి పూనుకున్నారు. మన తాతముత్తాతల మెడలోనుంచి కృప తీసివేసిన యోగ్యతల పలకను, వారి మనుమల, మునిమనుమల చేతికి కార్డుల రూపంలో మళ్లీ ఇస్తున్నాం. ఈ సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

‘వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని, ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే’ అని పౌలు కొరింథీయులకు రాశాడు. పరకాల, నర్సంపేట వైపు పత్తి వేసే రైతు దుక్కి దున్నుతాడు, విత్తనం పెడతాడు, కలుపు తీయిస్తాడు. మొలక మాత్రం తాను లాగితే వచ్చేది కాదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలాగని దున్నకుండా కూర్చునే రైతూ లేడు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని థెస్సలొనీకయులకు రాసినదీ, పనిచేయక విశ్వాసముంచువానికి అతని విశ్వాసమే నీతిగా ఎంచబడుతుందని రోమీయులకు రాసినదీ ఒకే పౌలు. మొదటిది అన్నం సంపాదించుకునే విషయం, రెండోది దేవుని ముందు నిలబడే విషయం. రెండింటినీ కలగాపులగం చేసినందువల్లనే పోటీ పరీక్షల సమయంలో హాల్ టికెట్లు ప్రార్థన బల్లమీద కుప్పపోసి, చదువు తరువాత, ముందు నూనె పూయించుకో అనే పరిస్థితి వచ్చింది. పిల్లల కోసం ప్రార్థించడం ఎంతో మంచిది. చదవని పాఠానికి ప్రార్థన బదులు రాదని, ఫలితం ఏదైనా దేవుని ప్రేమ తగ్గదని, ఈ రెండు మాటలూ వారికి అదే బల్ల దగ్గర చెప్పాలి.

ఈ విషయంలో క్యాథలిక్కులకు ఒక బోధ, ప్రొటెస్టెంట్లకు ఒక బోధ అని అనుకోవడం కూడా ఈ రోజుల్లో సరికాదు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి సంతకం చేసిన ప్రకటనలో, మన అర్హతను బట్టి కాక కృపచేతనే, క్రీస్తునందలి విశ్వాసముచేత దేవుడు మనలను అంగీకరిస్తాడనీ, సత్క్రియలు ఆ అంగీకారానికి ఫలమనీ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు కూడా దానితో ఏకీభవించారు. కాబట్టి ఫాతిమానగర్ క్యాథలిక్ సంఘంలో ఈ దినాలను తపఃకాలం పేరుతో పాటించేవారికైనా, బాప్టిస్టు సంఘాల్లో శ్రమ దినాలు పాటించేవారికైనా నా విన్నపం ఒక్కటే.

క్రైస్తవులు కాని పాఠకులకు ఈ చర్చ మరీ కొత్తగా ఉండదని నా నమ్మకం. మనకు దగ్గరలోని బమ్మెరలో పుట్టిన పోతన చెప్పిన గజేంద్రుడు మొసలితో ఏళ్లతరబడి పోరాడి, తన బలమంతా ఉడిగిన తరువాతనే శరణు వేడాడు. ఆ కథకూ సువార్తకూ తేడాలున్నాయి, వాటిని చెరిపివేయాలని నేను అనుకోను. తన బలం చాలదని తెలుసుకున్న మనిషి పెట్టే మొర ఎలా ఉంటుందో మాత్రం ఈ నేలవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

అయ్యగార్లను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. చాలీచాలని కానుకలతో సంసారం నెట్టుకొస్తూ, రాత్రివేళ కూడా బైకుమీద పల్లెకు వెళ్లి రోగి మంచం పక్కన కూర్చునే కాపరులు ఎందరో నాకు తెలుసు. మా పల్లె సంఘాల్లో వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి దేవుని కోసం విడిగా కుండలో వేసే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిడికెడుకు బదులుగా వారు ఏదీ అడగరు, ఏ కార్డుమీదా రాసుకోరు. సంఘాలు నిలిచింది అటువంటి కానుకమీదే.

అందుచేత సంఘ కాపరులకూ పెద్దలకూ నా మనవి ఇది. ఉపవాస కార్డులు, కానుకల గీతలు ఆపివేయండి. షుగర్, బీపీ, మూర్ఛ మాత్రలు వాడేవారు, గర్భిణులు, బాలింతలు ఉపవాసముండనక్కరలేదనీ, మందు వేసుకోవడం అవిశ్వాసం కాదనీ శ్రమ దినాల మొదటి రోజునే పుల్పిట్ మీదినుంచి స్పష్టంగా ప్రకటించండి. మేలు పొందినవారిచేత సాక్ష్యం చెప్పించినట్టే, జబ్బు తగ్గకపోయినా, ఉద్యోగం రాకపోయినా ప్రభువును విడువనివారిచేత కూడా చెప్పించండి. అటువంటివారు ప్రతి సంఘంలో వెనుక వరుసల్లో ఉన్నారు. ‘నీకు విశ్వాసం తక్కువ’ అనే మాట రోగి మంచం దగ్గర అనవద్దని ప్రార్థన బృందాలకు గట్టిగా చెప్పండి. గలతీయులకు, రోమీయులకు రాసిన పత్రికలను ఆ నలభై దినాల ధ్యానాలలో వరుసగా బోధించండి. మా సంఘ కమిటీ ముందు ఈ విన్నపాన్ని రాతపూర్వకంగా ఉంచాను. మిగతా సంఘాల పెద్దలు కూడా రాబోయే శ్రమ దినాలకు ముందే తమ సమావేశాల్లో దీనిని చర్చకు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ